గుండె బాగానే ఉందట

శనివారం పొద్దున్నే నానిన బొబ్బర్ల పొట్టు తీస్తూ కూర్చున్నాను. మొయిన్‌మొయిన్‌కి, అదే ఆవిరి మీద ఉడికించే వంటకి, పిండి రుబ్బేముందు ప్రతి గింజా తెల్లగా బయటపడాలి. పిసకడం, నీళ్లు పొయ్యడం, పైకి తేలిన పొట్టు వంచెయ్యడం, మళ్లీ పిసకడం. చన్నీళ్లలో చేతులు పెడితే నా వేళ్ల కణుపులు సలుపుతాయి, అందుకని కాసిని నీళ్లు కాచుకుని కలుపుకున్నాను. ఆ కాస్తా ఆలస్యం. వంటింటి గుమ్మంలో టీ కప్పుతో నిలబడి మా ఆయన కొలాదె, "ఇంకా అవ్వలేదా? మా అమ్మయితే వీపున పిల్లాణ్ణి కట్టుకుని, నిలబడే, ఇంతకి రెండింతలు పిసికి పారేసేది" అన్నాడు. కోపంగా అనలేదు. కొలాదెకి కోపం తక్కువ. కోపంగా అంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఇలా టీ చప్పరిస్తూ, బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పే మాటకి ఎదురు చెప్పడం ఇన్నేళ్లయినా నాకు చేతకాలేదు. "అయిపోతోంది" అన్నాను. సగం కూడా అవ్వలేదు.

నాకు తెలియనిది ఒకటే. నాది జబ్బా, బద్ధకమా? నవ్వకండి, నిజంగానే తెలియదు. అలసిపోయానని చెప్పాలంటే అలసట లేకపోవడం ఎలా ఉంటుందో తెలియాలి కదా. నేను పుట్టిందే ఈ ఒంటితో. ఇంకో ఒళ్లు ఒక్క పూటకైనా అరువిచ్చినవాళ్లు లేరు. చిన్నప్పుడు మా వీధిలో రోన్కె అని ఒక పిల్ల ఉండేది. మాపో గుట్ట పరుగున ఎక్కి, పరుగున దిగి, మళ్లీ ఎక్కేది. "నీకు కాళ్లల్లో ఏమీ అనిపించదా?" అని అడిగాను ఒకసారి. "ఏమనిపించాలి?" అని ఎదురడిగింది. ఇప్పటికీ ఎవరైనా మెట్లెక్కి వచ్చి గబగబా మాట్లాడేస్తుంటే నోరెళ్లబెట్టి వాళ్ల గొంతు వైపే చూస్తాను. వీళ్లకి మధ్యలో ఊపిరి అక్కర్లేదా అని.

నేను ఎస్సెస్‌ని. అమ్మ నుంచి ఒక ఎస్సూ, నాన్న నుంచి ఒక ఎస్సూ వచ్చి, ఒంట్లో ఎర్రకణాలు గుండ్రంగా ఉండాల్సింది పోయి కొడవలి లాగా వంగిపోయే రకాన్ని. సికిల్ సెల్. మా ఇబాదాన్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ప్రేమించేముందే రక్తం ఏ రకమని అడిగేస్తారు. ఎస్సే లేని ఏఏ అయితే నిశ్చింత, ఒక్క ఎస్సున్న ఏఎస్ అయితే జాగ్రత్త, ఎస్సెస్ అయితే అయ్యో పాపం. మా అన్న కూడా ఎస్సెస్సే, బడికి వెళ్లే వయసులోనే పోయాడు. తల్లిని ఏడిపించడానికే మళ్లీ మళ్లీ పుట్టి చచ్చే, వచ్చిపోయే బిడ్డ అన్నారు పెద్దవాళ్లు, మా అమ్మని ఓదార్చడానికో, తప్పు పట్టడానికో.

మా చర్చిలో ఇద్దరి రక్తపరీక్షలూ చూడందే పెళ్లి ప్రకటన చదవరు. కొలాదెది ఏఏ. "మీకు పుట్టే పిల్లలకి ఈ జబ్బు రాదు, కానివ్వండి" అన్నాడు పాస్టరు. కొలాదె ఇంటికెళ్లి తల్లితో, "రక్తాలు కలిశాయమ్మా" అన్నాడు. అబద్ధమేమీ కాదు. ఆవిడ మాత్రం ఇద్దరూ ఏఏ అనుకుంది. రక్తాలు కలిశాయంటే మా దగ్గర ఎవరైనా అలాగే అనుకుంటారు. "ఇప్పుడు చెప్తే పెళ్లి ఆపేస్తుంది, తర్వాత నేనే నెమ్మదిగా చెప్తాను" అన్నాడు నాతో. తర్వాత, మా అమ్మాయి సిమి కడుపులో ఉండగా, ఇప్పుడొద్దు అన్నాడు. ఆ తర్వాత, నాన్న పోయాడు, అమ్మ మనసు బాలేదు అన్నాడు. ఈలోగా ఈ జబ్బు నొప్పులొచ్చి నేను ఆసుపత్రిలో పడుకున్నప్పుడల్లా ఒకసారి మలేరియా, ఒకసారి టైఫాయిడ్, ఒకసారి కడుపులో పుండు అని ఆవిడకి చెప్పుకొచ్చాం. "మాటిమాటికీ మలేరియా ఏమిట్రా? ఇబాదాన్‌లో దోమలకి నీ పెళ్లాం తప్ప ఇంకెవరూ దొరకట్లేదా?" అంది మా అత్తగారు ఒకసారి, నేను పక్కన ఉండగానే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాగా అంది మరి.

మా అత్తగారింట్లో నా పేరు మొరెనికె కాదు, ఇయావో. పెళ్లాం అని. కొలాదె ఒక్కడికే కాదు, ఇంటిల్లిపాదికీ నేను "మా పెళ్లాం"నే. ఆడపడుచు బిసోలా కూడా అలాగే పిలుస్తుంది. ఆమె నాకన్నా చిన్నది, అయినా నేను ఆమెని అక్కా అనాలి, ఎందుకంటే నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆమె ఆ ఇంట్లో పుట్టి ఉంది. పెద్దవాళ్లు ఎదురైతే మోకాళ్ల మీద కూర్చుని పలకరించాలి. శుభమైనా అశుభమైనా ఇంటి పెళ్లాలందరూ పెరట్లో పొయ్యిల దగ్గర నిలబడి వండాలి, ఆడపడుచులు తలపాగాలు చుట్టుకుని కుర్చీల్లో కూర్చోవాలి. మా మామగారి కర్మరోజున నేను పొగకి తాళలేక కారులో తలుపేసుకుని పడుకున్నాను. అప్పట్నించి బిసోలా నాకు పెట్టిన పేరు "చుట్టప్పెళ్లాం". చుట్టపుచూపుగా వచ్చిపోయే పెళ్లాం అని.

బళ్లోనూ అంతే. నేను నాలుగో తరగతికి పాఠాలు చెప్తాను. టీచర్లు కూర్చుంటే పిల్లలు కూర్చుండిపోతారని ఒకరోజు మా హెడ్మిస్ట్రెస్ అన్ని తరగతుల్లోంచీ టీచర్ల కుర్చీలు తీయించేసింది. నేను వెళ్లి, కాళ్లనొప్పులండీ అన్నాను. "మనందరికీ కాళ్లున్నాయి మేడమ్" అంది. అప్పట్నించి కిటికీ గట్టుకి ఆనుకుని భాగహారాలు చెప్తున్నాను.

కిందటి వానాకాలం నుంచి ఆయాసం మొదలైంది. నొప్పులు నాకు పాత చుట్టాలు, ఎప్పుడొస్తాయో ఎంతసేపుంటాయో తెలుసు. ఇది కొత్తది. బడి మెట్లు ఎక్కి పైకి వచ్చాక హాజరు పిలవడానికి గొంతు వచ్చేది కాదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే పేర్లు చెప్పేసుకునేవాళ్లు. నేను వెళ్లే సికిల్ సెల్ క్లినిక్‌లో, గుండెకి స్కానింగ్ తీయించుకురమ్మన్నారు. ఆరోజు కొలాదె సెలవు పెట్టి మరీ వచ్చాడు. పాపం, భయపడ్డాడు. స్కానింగ్ గదిలో చేతులు కట్టుకుని బల్లికేసి చూస్తున్నట్టు ఆ తెర కేసి చూస్తూ నిలబడ్డాడు. అక్కడున్న కుర్ర డాక్టరు నా పక్కటెముకల మధ్య చల్లటి జిగురు రాసి, యంత్రం అటూ ఇటూ తిప్పి, "గుండె బ్రహ్మాండంగా కొడుతోంది మేడమ్. పంపింగ్ చాలా బాగుంది. నాకన్నా మీదే నయమేమో!" అని నవ్వాడు.

కొలాదె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. దారిలో కారాపి కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొన్నాడు. "నేను చెప్తూనే ఉన్నానా, నువ్వు ఊరికే బెంగపడతావని" అన్నాడు. కారులోంచే తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, నీ కోడలి గుండె ఫస్ట్ క్లాసట!"

"గుండెకేమొచ్చిందిరా?"

"ఏం రాలేదమ్మా. ఊరికే చూపించాం."

"ఊరికే గుండెలు చూపించుకోవడమేమిట్రా, మీకేం పనిలేదా?" అందావిడ. కొలాదె పగలబడి నవ్వాడు.

నేను సంతోషించాలి కదా. సంతోషం రాలేదు. ఎవరో నా చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు అనిపించింది. గుండె బాగుంటే మరి ఆయాసం ఎవరిది? బడి మెట్ల మీద కమ్మీ పట్టుకుని నిలబడిపోయేది ఎవరు? నేనేనా నాటకమాడుతున్నది? ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, దొంగని చూసినట్టు నన్ను నేను చూసుకున్నాను. ఆ వారమంతా ఎవరూ చెప్పకుండానే పనులన్నీ పరుగులు పెట్టి చేశాను, ఫస్ట్ క్లాస్ గుండె ఉన్నదాన్ని కదా అని. నీళ్ల డబ్బాలు కూడా నేనే మోశాను. గురువారానికి మంచం మీంచి లేవలేకపోయాను. అప్పుడు కూడా మొదట అనుకున్నది ఇదే, చూశావా ఎంత బద్ధకమో అని.

తర్వాతి వారం క్లినిక్‌కి ఒక్కదాన్నే వెళ్లాను. ఫలితం బాగుంది కదా, ఇక కొలాదె ఎందుకు. అక్కడ డాక్టర్ ఫొలారిన్ నా చిన్నప్పట్నించీ నన్ను చూస్తోంది. అదే స్కానింగ్ బొమ్మ ముందు పెట్టుకుని అందులో అంకెలు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది.

"ఆ అబ్బాయి బాగుందన్నాడు" అన్నాను, ఆవిడకి గుర్తు చేస్తున్నట్టు.

"నిజమే చెప్పాడు. పిండడం చూసి చెప్పాడు." ఆవిడ పిడికిలి బిగించి చూపించింది. "గుండెకి రెండు పనులమ్మా. పిండాలి, తర్వాత వదులవ్వాలి. వదులైతేనే మళ్లీ రక్తం వచ్చి నిండేది. మీది బాగా పిండుతోంది, వదులవ్వడమే సరిగ్గా రావట్లేదు. గోడలు బిరుసెక్కాయి. అందుకని వెనక ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల మీద పడుతోంది. ఆయాసం దానివల్లే."

"అంటే బాగుందా, బాలేదా?"

"రెండూ. పైగా పెద్దదయింది. మీకు రక్తం పలచన కదా, అందరి గుండె పంపేదానికన్నా మీ గుండె ఎప్పుడూ ఎక్కువ పంపాలి. మీరు కుర్చీలో కూర్చున్నా అది మాత్రం మెట్లెక్కుతున్నట్టే. పుట్టినప్పట్నించీ అంతే."

నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడూ సరిగ్గా చెప్పలేను. జబ్బని విన్నందుకు కాదు. ఇన్నేళ్లూ మా అత్తగారు, బిసోలా, హెడ్మిస్ట్రెస్, వాళ్లందరికన్నా ఎక్కువగా నేనూ, ఊరికే కూర్చుంటోందని ఏ ఒంటిని తిట్టామో, ఆ ఒంట్లో గుండె ఒక్కసారీ కూర్చోనే లేదట. ముక్కు తుడుచుకుని, "అయితే నేను బద్ధకస్తురాలిని కాదన్నమాటేనా డాక్టర్?" అని అడిగాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసి నావైపు వింతగా చూసింది. "అది వైద్యం ప్రశ్న కాదమ్మా" అంది. ఇంకో పరీక్ష రాసింది, మాత్రలు మార్చింది. బరువులెత్తొద్దు, గంటలకొద్దీ నిలబడొద్దు, ఆయాసం వచ్చాక కాదు, రాబోతోందనగానే ఆగిపోవాలి అని నా చేత తిరిగి చెప్పించుకుంది.

కొలాదెకి చెప్పాను. అన్నం తినడం ఆపి మొత్తం విన్నాడు. "ఒకే బొమ్మ చూసి ఒకరు బాగుందంటారు, ఒకరు బాలేదంటారు. ఎవర్ని నమ్మాలి మనం?"

"ఇద్దర్నీ అంటోంది ఆవిడ."

"ఇద్దర్నీ ఎలా నమ్ముతాం, మొరెనికె?" అన్నాడు. ఎగతాళికి కాదు, అతనికీ నిజంగా అర్థం కాలేదు. నాకు అర్థమైందని కూడా చెప్పను. మళ్లీ తినడం మొదలుపెట్టి అసలు మాటకొచ్చాడు. వచ్చే శనివారం అమ్మ డెబ్బై అయిదో పుట్టినరోజు. ఆవిడ ముందే చెప్పేసింది, డబ్బిచ్చి తెప్పించిన కూడు నా పుట్టినరోజున వద్దు, నాకు కోడళ్లు లేరా అని. "ఆ ఒక్కరోజు ఎలాగో కానిచ్చెయ్యి. తర్వాత నువ్వెలా అంటే అలా."

"మరి అత్తయ్యకి చెప్తానన్నావు?"

"పుట్టినరోజు నాడా?" అన్నాడు, నేనేదో కానిమాట అన్నట్టు.

ఎందుకు వెళ్లావని ఎవరైనా అడగొచ్చు. భయంతో అంటే సగమే నిజం. ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట నిజమో పెండలం దంచే రోలు దగ్గర తేలిపోతుందని నాలో ఒక పిచ్చి ఆలోచన ఉండేది. దంచగలిగితే నాది బద్ధకం, లేకపోతే జబ్బు. అది పరీక్ష కాదని ఇప్పుడు తెలుస్తోంది కానీ, ఆరోజు ఇంటి పెళ్లాలందరికీ తీసిన నీలం గుడ్డ కట్టుకుని, వాళ్లతో పాటు అత్తగారి పెరట్లోకి అడుగుపెట్టినప్పుడు, పరీక్షకి వెళ్లే పిల్లలాగే ఉన్నాను.

పెరడంతా పొగ. పెద్ద రోలు చుట్టూ ఉడికిన పెండలం ముక్కలు ఆవిర్లు కక్కుతున్నాయి. నా తోటికోడలు దిమేజీవాళ్లమ్మ కొంగు నడుముకి బిగించి రోకలి పట్టుకుని సిద్ధంగా ఉంది. బట్టలకొట్టు నడుపుతుంది, గొంతు పెద్దది, మనసు ఎలాంటిదో నాకెప్పుడూ తెలియలేదు. "రా, సిమీవాళ్లమ్మా. నాదొక దెబ్బ, నీదొక దెబ్బ. మధ్యలో తడబడకు, నీ చెయ్యి పిండైపోతుంది" అంది. చుట్టాల కోసం వేసిన కుర్చీల్లోంచి బిసోలా, "ఆవిడెందుకు తడబడుతుంది! మా పెళ్లాం గుండె ఫస్ట్ క్లాసట, అన్నయ్య ఊరంతా చాటాడు. ఇవాళ చూద్దాం ఆ ఫస్ట్ క్లాసు" అంది. ఆడవాళ్లు నవ్వారు. రోకలి అందుకున్నాను.

మొదట బాగానే ఉంది. ఆమె దెబ్బ, నా దెబ్బ, ఆమె దెబ్బ, నా దెబ్బ. ముక్కలు మెత్తబడి సాగడం మొదలైంది. చూశావా, నువ్వు చెయ్యగలవు అంది నాలో ఒక గొంతు, అచ్చం కొలాదె గొంతే. అంతలో పక్కటెముకల కింద ఏదో బిగిసింది. ఇంకా ఆయాసం కాదు, రాబోతోంది. ఈపాటి నొప్పికి ఎవరాగుతారు, ఇంకో పది దెబ్బలు వెయ్యి అనుకున్నాను. వేశాను కూడా. తర్వాత చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి. రోకలి రోలుకి ఆనించి నిలబడిపోయాను. దిమేజీవాళ్లమ్మ రోకలి ఒక్కటే ఒకసారి పడి ఆగింది.

"ఏమైంది?"

ఏమైందో నాకు తెలిస్తేగా. ఇది గుండో, పొగో, బిసోలా మాటకొచ్చిన కోపమో, నిజంగానే నాకు పని మీద ఇష్టం లేకపోవడమో. అన్నీ కలిసే ఉన్నాయి, విడదీయడం నావల్ల కాలేదు. ఆ రోలు పక్కన నిలబడి, ఇది తేలేదాకా నేను నిలబడే ఉండాలా అనుకున్నాను. బద్ధకమే అనుకుందాం, బద్ధకస్తులకి మాత్రం ఊపిరి అక్కర్లేదా? నడుచుకుంటూ వెళ్లి చుట్టాల వరసలోంచి ఒక కుర్చీ తీసుకున్నాను. ఎత్తలేదు, ఈడ్చుకొచ్చాను. పొయ్యిల మధ్య వేసుకుని కూర్చున్నాను.

"అయ్యో, ఆ కుర్చీలు చుట్టాలకి!" అంది బిసోలా.

"తెలుసక్కా" అన్నాను.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు కొత్త లేసు బట్టల్లో, పగడాల దండ వేసుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది. పెళ్లాలందరూ చేతులు తుడుచుకుని మోకాళ్ల మీదకి దిగారు. దిమేజీవాళ్లమ్మ కూడా. నేను కుర్చీలోంచే, "నూరేళ్లు చల్లగా ఉండాలి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. "ఏమిటి ఇయావో, మోకాళ్లు మీ ఇంట్లోనే మర్చిపోయొచ్చావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "గుండె బాగానే ఉందని చెప్పాడుగా మావాడు?"

"బాగానే కొడుతోంది అత్తయ్యా. దానికి ఆగడం రాదు. అందుకని నేను ఆగాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాల్సొచ్చింది. "నేను ఎస్సెస్‌ని. పుట్టినప్పట్నించీ."

మోకాళ్ల మీదున్నవాళ్లు లేవడం మర్చిపోయారు. బిసోలా తలపాగా సర్దుకోబోయి చెయ్యి అక్కడే ఉంచేసింది. అత్తగారి మొహంలో ఉన్నది కోపమో భయమో నేను పోల్చుకోలేకపోయాను.

"రక్తాలు కలిశాయన్నారే?"

"కలిశాయి. సిమికి రాదు. దాని గురించి బెంగ లేదు."

"మరి ఆ మలేరియాలు?"

"మలేరియా కాదు."

ఆవిడ గుమ్మం పట్టుకుంది. "ఇన్నేళ్లు! నా కొడుకు నోట్లో మట్టికొట్టి, ఇన్నేళ్లు దాచావా? వాడికైనా తెలుసా ఈ సంగతి?"

కొలాదె అప్పుడే కూల్‌డ్రింకుల పెట్టె మోసుకుంటూ పక్క సందులోంచి వచ్చాడు. చివరి మాటలు విన్నాడని మొహం చూస్తేనే తెలిసింది. పెట్టె కింద పెట్టలేదు. నావైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పెళ్లయినప్పట్నించీ అతని నోటికి మాట అందించే పని నాదే, ఆ మలేరియాలూ టైఫాయిడ్లూ సగం నేను అల్లినవే. ఇప్పుడు కూడా నాలుక చివరిదాకా వచ్చింది, ఆయనకేం తెలియదు అత్తయ్యా, తప్పంతా నాదే అని. అలా అనేస్తే ఈ పూటకి అందరూ అన్నాలు తిని ఇళ్లకి వెళ్లిపోతారు. అందరూ నావైపే చూస్తున్నారు. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లేదాకా ఆగాను. ఆ ఇంట్లో నేనతన్ని సిమీవాళ్ల నాన్నగారు అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగను.

"కొలాదె" అన్నాను, "మీ అమ్మ అడుగుతోంది నిన్ను."